సూది వేసిన తేదీ, కిడ్నీలో మిగిలిన మందు

(అనంతపురంలో గొర్రెల పెంపకందారులు, మాంసం వ్యాపారులు, పశుసంవర్ధక సహాయకుల కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఎడమ పక్క గొర్రెల కాపరులు కూర్చున్నారు, కుడి పక్క మటన్ కొట్లవాళ్లు, మధ్యలో సహాయకులు. ఒకే పొట్టేలు మీ ముగ్గురి చేతుల మీదుగా పోతుంది. దానికి ఏ సూది పడిందో సహాయకుడికి తెలుసు. ఏ రోజు పడిందో కాపరికి గుర్తుంటుంది. కోసి అమ్మేవాళ్లకు ఆ రెండూ తెలియవు. మాంసంలో మందు మిగిలిందా అని చూసే శాంపిల్ మాత్రం వాళ్ల కొట్టులోనే తీస్తారు. ఈ పూట నేను మాట్లాడేది దారిలో జారిపోయిన ఆ సమాచారం గురించే. ల్యాబు యంత్రాల సంగతి కూడా చెబుతాను. కానీ వాటిని చూసి మురిసిపోవద్దు. ఎంత ఖరీదైన యంత్రమైనా మనం పంపిన ముక్కలో ఉన్నదాన్నే చూస్తుంది, మనం వెతకమన్న మందునే వెతుకుతుంది.

ముందు ఒక లెక్క చూద్దాం. 30 కిలోల పొట్టేలుకు రొంప, దగ్గు, జ్వరం. లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్, అంటే ఒంట్లో ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్ వేశారు. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములుండే సీసా. 10 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు చొప్పున 3 మిల్లీలీటర్లు. అంటే ఒంట్లోకి పోయిన మందు 600 మిల్లీగ్రాములు. ఇప్పుడు మాంసంలో ఎంత ఉండొచ్చో చూడండి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన గరిష్ఠ పరిమితి, దాన్నే మేము ఎం.ఆర్.ఎల్ అంటాం, కండలో కిలోకు 200 మైక్రోగ్రాములు. అంటే 0.2 మిల్లీగ్రాము. ఆ పొట్టేలుకు 15 కిలోల మాంసం తెగిందనుకుందాం, ఎముక సంగతి వదిలేసి అంతా కండే అనుకుందాం. 15 కిలోల్లో కలిపి 3 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. వేసింది 600, ఉండదగ్గది 3. రెండొందల వంతుల్లో ఒక్క వంతు. మిగతా 199 వంతులూ మూత్రంలో, పేడలో బయటికి పోవాలి. పోవడానికి టైము కావాలి. ఆ టైమే విత్‌డ్రాయల్ పీరియడ్. ఇందులో ఇంకే రహస్యమూ లేదు.

అదే మందుకు కార్జంలో 600 మైక్రోగ్రాములు, కిడ్నీలో 1200 దాకా ఒప్పుకుంటారు. కిడ్నీకి అంత వెసులుబాటు ఎందుకంటే, మనిషి రోజుకు తినేది కండ 300 గ్రాములు, కార్జం 100, కిడ్నీ 50, కొవ్వు 50 అన్న అంచనా మీద ఈ పరిమితులు కట్టారు. తక్కువ తినే భాగానికి ఎక్కువ పరిమితి. మన ఇళ్లలో ఒక్కోసారి ఇది తలకిందులవుతుంది. కార్జం, కిడ్నీలు విడిగా కొట్టించుకుని, రక్తం పడుతుందని పిల్లలకూ బాలింతలకూ వేయించి పెడతారు. పరిమితికి అంచున ఉన్న కార్జాన్ని పావుకిలో ఒక్కరే తింటే ఆ అంచనా నిలవదు. అందుకే పరిమితి లోపలే ఉందిలే అని నిశ్చింతగా ఉండే రకాన్ని కాను నేను.

టైము ఎలా పనిచేస్తుందంటే, ప్రతి మందుకూ సగం కావడానికి కొంత కాలం పడుతుంది. ఒక మందు కండలో 3200 మైక్రోగ్రాములుంది, రోజుకు సగమవుతుందనుకోండి. మర్నాటికి 1600, తర్వాత 800, 400, నాలుగో రోజుకు 200. డోసు రెండింతలు వేస్తే 6400 నుంచి మొదలవుతుంది, అంటే ఒక రోజు ఎక్కువ. ఇక్కడిదాకా బాగానే ఉంది. తంటా ఎక్కడొస్తుందంటే, ఈ లెక్క ఆరోగ్యంగా ఉన్న జంతువులో, లేబుల్ మీద రాసిన డోసుతో, రాసిన దారిలో వేసినప్పుడు కట్టిన లెక్క. మనం సూది వేసేది జబ్బు పడ్డ గొర్రెకు. మేత లేదు, నీళ్లు తాగదు, మూత్రం తగ్గింది. మూత్రపిండం సరిగా పనిచేయకపోతే ఆ రోజుకు సగం అన్నది రెండు రోజులకు సగమో మూడు రోజులకు సగమో అవుతుంది. మందు పని చేయలేదని తెలిసిన రోజే మనవాళ్లు దాన్ని కోతకు తోసేస్తారు. అంటే అన్నిటికన్నా ఎక్కువ మందు ఉన్న జంతువు, అన్నిటికన్నా నెమ్మదిగా మందు వదిలే జంతువు, అన్నిటికన్నా తొందరగా కొట్టుకు చేరుతుంది. మాంసంలో మందు పట్టుబడ్డ చోటల్లా వెనక్కి తవ్వుకుంటూ పోతే ముందు అనుమానించాల్సింది ఈ దారినే.

లేబుల్ సంగతి. 2012లో డ్రగ్స్ రూల్సు మార్చారు. మనం తినే జంతువులకు వాడే మందు సీసా మీద ఎన్ని రోజులు ఆగాలో రాయాలి. రాయకపోతే పాలకు, గుడ్లకు 7 రోజులు, మాంసానికి, అందులో కొవ్వూ లోపలి భాగాలూ కలిపి, 28 రోజులు తక్కువ కాకుండా ఆగాలి. చేపలకైతే 500 డిగ్రీ రోజులు, అంటే నీటి వేడి డిగ్రీలను రోజులతో గుణిస్తే 500 రావాలి. సీసా మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. లేబుల్ చిరిగిపోయిందా, సీసా మారిందా, రెండు మందులు కలిపి ఒకే సిరంజిలో ఎక్కించారా, అప్పుడు 28 రోజులే లెక్క. మనుషుల మందు వాడితే దాని మీద ఈ లెక్కే ఉండదు, అక్కడా 28 కన్నా తక్కువ అనుకోవద్దు.

28 కూడా చాలని మందులున్నాయి. జెంటామైసిన్ లాంటివి కండలోంచి తొందరగానే పోతాయి, కానీ కిడ్నీ పైపొరలో అతుక్కుని నెలల తరబడి ఉండిపోతాయి. అమెరికాలో పశువులకు జెంటామైసిన్ వేస్తే 18 నెలలు కోతకు పంపొద్దంటారు. ఇక్కడ విరేచనాలు పట్టిన ప్రతి పిల్లకూ జెంటామైసిన్ వేసేవాళ్లున్నారు. ఆ పిల్ల ఏడాది తిరక్కుండానే పొట్టేలై సంతకు వస్తుంది.

ఇక సూది పడిన చోటు. తొడకు వేయడం మనకు అలవాటు, పట్టుకోవడం సులువు. లాంగ్ యాక్టింగ్ మందు చేసే పనే ఆ చోట గూడు కట్టుకుని కొద్దికొద్దిగా రక్తంలోకి దిగడం. మిగతా ఒళ్లంతా శుభ్రమైన తర్వాత కూడా ఆ అరచేతి మందం కండలో మందు వేల మైక్రోగ్రాముల్లో ఉండొచ్చు. తొడ ముక్కేమో అందరికీ కావాలి. మెడకు వేయండి. ఒకే చోట 5 మిల్లీలీటర్లు దాటనివ్వొద్దు. కోసేటప్పుడు అక్కడ పచ్చగానో గోధుమ రంగులోనో మచ్చ, గట్టి గడ్డ కనిపిస్తే చుట్టూ మంచి కండతో సహా కోసి పక్కన పడేయాలి, కుక్కలకు కూడా వేయొద్దు. తెలిసిన కటికాయన చేతికి ఆ గడ్డ కత్తి కన్నా ముందు తగులుతుంది.

ఏ మందును ఎక్కడ వెతకాలో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే తప్పు ముక్క పంపితే పరీక్ష అంతా వృథా. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సల్ఫా, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లకు కిడ్నీ. నట్టల మందుల్లో ఆల్బెండజోల్‌కు కార్జం. ఐవర్‌మెక్టిన్ కొవ్వులో దాక్కుంటుంది, కాబట్టి కార్జం, కొవ్వు రెండూ. టెట్రాసైక్లిన్‌కు ఎముకంటే ఇష్టం, కాల్షియాన్ని పట్టుకుంటుంది. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద అలాంటి ఎముక పసుపు పచ్చగా మెరుస్తుంది. క్లోరాంఫెనికాల్‌కు, నైట్రోఫ్యూరాన్లకు కండ. ఈ రెండింటికీ పరిమితి అంటూ లేదు, అసలు ఉండనే కూడదు. క్లోరాంఫెనికాల్ కొందరిలో ఎముక మజ్జను ఆపేస్తుంది. ఎంత తక్కువైతే ఫర్వాలేదో చెప్పగలిగిన గీత దానికి లేదు. తినే జంతువుల వాడకానికి కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లో, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లను 2025లో మన దేశం నిషేధించింది. విరేచనాలకు మనుషుల మాత్రలు పొడి చేసి తాపుతుంటారు చూడండి, ఫ్యూరజోలిడోన్ అనే నైట్రోఫ్యూరాన్, మెట్రోనిడజోల్ కలిసినవి. ఆ రెండూ తినే జంతువుల్లో నిషేధమే. మాత్ర చిన్నదే, తాపింది ఒక్కసారే అన్న మాట ల్యాబులో చెల్లదు.

డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు గురించి ఒక ముక్క. మనిషి తినే మాంసం సంగతి పక్కన పెట్టండి, చచ్చిన పశువును ఊరవతల పడేస్తే తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పలుగా చచ్చాయి. 2004లో కారణం తేలింది, 2006లో పశువుల వాడకానికి నిషేధించారు. ఆ తర్వాత కూడా మనుషుల సీసాలు పశువులకు ఎక్కిస్తున్నారని 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రోఫెన్, అసెక్లోఫెనాక్ కూడా ఆగాయి. నొప్పికి మెలాక్సికామ్ ఉంది, వాడుకోండి. మందు అవశేషం అంటే కాగితం మీద అంకెలే అనుకునేవాళ్లకు ఇంతకన్నా పెద్ద రుజువు మన దేశంలో నాకు కనిపించదు.

సరే, పరీక్షలు. కోయకముందు చేసేది ఒకటుంది. 2001 నాటి కబేళా నిబంధనల ప్రకారం పశువైద్యుడు చూసిన జంతువు కోతకు ముందు 24 గంటలు విశ్రాంతిగా ఉండాలి. ఆ వైద్యుడు గంటకు 12 జంతువులకు, రోజుకు 96కు మించి చూడకూడదని కూడా ఉంది. ఆ 24 గంటల్లో మూత్రం పట్టొచ్చు. గొర్రె మూత్రం కోసం గంటలు కూర్చోనక్కర్లేదు. ఒకరు దాని మూతి, ముక్కు రంధ్రాలు అరచేత్తో మూస్తే చాలావరకు వంగి పోసేస్తుంది. 45 సెకన్లు దాటనివ్వొద్దు. పోయకపోతే వదిలేసి తర్వాత చూడాలి. చూడిదైతే, మూలుగుతున్నదైతే ఆ పని చేయొద్దు. మొదటి ధార వదిలేసి శుభ్రమైన డబ్బాలో పట్టాలి. దూది పుల్లను అందులో ముంచి ప్లేటు మీద పెడతారు, ప్లేటు సంగతి ఇప్పుడే చెబుతాను. మూత్రంలో మందు కండలో కన్నా చాలా రెట్లు చిక్కగా ఉంటుంది. కాబట్టి మూత్రం శుభ్రంగా ఉంటే, ఈ ప్లేటు పట్టగలిగే మందుల వరకు ధైర్యంగా కోయొచ్చు. మందు కనిపిస్తే మాంసం చెడ్డదని తేలినట్టు కాదు, ఆ జంతువును ఆపి మళ్లీ చూడాలని అర్థం. దీన్ని చాలామంది తలకిందులుగా చదువుతారు.

కోసిన తర్వాత కిడ్నీ పుల్ల పరీక్ష. అమెరికాలో కబేళాల్లోనే చేసుకోవడానికి తయారుచేసిన పద్ధతి. కావాల్సినవి స్టెరైల్ దూది పుల్లలు, అగర్ అనే బ్యాక్టీరియా పెరిగే జిగురు పోసిన ప్లేటు, బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా విత్తనాల ద్రవం, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 5 మైక్రోగ్రాములు అద్దిన చిన్న కాగితం బిళ్ల, 29 డిగ్రీలు నిలిపే ఇంక్యుబేటర్. ఇంత చిన్న పరికరాలతో ఇంత పని జరిగేది ఇంకోటి లేదు.

చేసే తీరు ఇది. కిడ్నీ మీది కొవ్వు ఒలిచేయండి. దూది పుల్ల కొనతో లోపలికి గుచ్చి చిన్న గుంత చేయండి. పుల్లను తిప్పి దూది ఉన్న వైపు ఆ గుంతలోకి దించండి. దించి అటు ఇటు ఆడించి, కిడ్నీ రసం పట్టేలా 30 నిమిషాలు అలాగే వదిలేయండి. ఇది అరగంటే, ఐదు నిమిషాలు కాదు. దూది పొడిగా ఉంటే ఫలితం ఉండదు. ఈలోపు ప్లేటు మీద బ్యాక్టీరియా ద్రవాన్ని వేరే పుల్లతో నలుమూలలా, అంచుదాకా పూయండి. ఒక పక్క నియోమైసిన్ బిళ్ల పెట్టండి. ఎదుటి పక్క కిడ్నీలోంచి తీసిన దూదిని అగర్‌కు ఆనేలా పెట్టి కాడ విరిచేయండి. దూది కింద గాలి ఉండకూడదు, అగర్ చిరగకూడదు. మూత పెట్టి 29 డిగ్రీల్లో 16 నుంచి 24 గంటలు. మర్నాటికి ప్లేటంతా బ్యాక్టీరియా తెల్లటి పొరలా పెరుగుతుంది. దూది అంచుదాకా పొర వస్తే ఆ కిడ్నీలో ఈ బ్యాక్టీరియాను ఆపే మందు లేదు. దూది చుట్టూ తేటగా వలయం ఉంటే ఉంది. నిన్న సాయంత్రం 6 గంటలకు ఇలాంటివే 3 ప్లేట్లు పక్క గదిలో పెట్టాం, చివర్లో చూద్దాం.

ఎక్కడ చెడుతుందంటే, అన్నిటికన్నా ఎక్కువగా కత్తి దగ్గర. ఫినాయిల్ నీళ్లలో ముంచిన కత్తితో కిడ్నీ చీలిస్తే ఫినాయిలే వలయం చేస్తుంది. పసుపు కూడా అంతే, కాల్చి పసుపు పూసిన మేక ముక్కను పంపకండి, పసుపు పడకముందు తీయండి. కుళ్లిన కిడ్నీలో, జబ్బుతో చీము పట్టిన కిడ్నీలో ఒంటి సొంత పదార్థాలే బ్యాక్టీరియాను ఆపొచ్చు, లైసోజైమ్ అందులో ఒకటి. మందు లేకుండానే మందున్నట్టు కనిపిస్తుంది. ఇంకో పక్క కరెంటు. రాత్రి రెండు గంటలు పోతే ఇంక్యుబేటర్ చల్లబడి బ్యాక్టీరియా పలచగా పెరుగుతుంది, వలయం అసలు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. మే నెల్లో ఇక్కడ గది వేడే 29 దాటుతుంది, అప్పుడు పెట్టెకు వేడి చేయడం కాదు, చల్లబరచడం కావాలి. కరెంటు, వేడి తప్పులకు సాక్షి ఆ నియోమైసిన్ బిళ్ల. కత్తి, కుళ్లు తప్పులను అది చూపించదు. దాని వలయం కొలత కిట్ కాగితంలో రాసిన హద్దుల్లో లేకపోతే ఆ ప్లేటు మొత్తం పారేయాల్సిందే. కిడ్నీ ఫలితం మనకు అనుకూలంగా ఉంది కదా అని ఉంచుకోవడం మోసం.

రాత్రంతా ఆగలేని చోట ఇంకో రకం ఉంది. చిన్న గాజు గొట్టంలో ఊదా రంగు అగర్, అందులో వేడికి బతికే బాసిల్లస్ రకం. గోలీ అంత కండ ముక్కను వెల్లుల్లి నొక్కే పరికరంలో పెట్టి పిండండి. నిజమే, వంటింట్లో వెల్లుల్లి నొక్కే పరికరమే, ల్యాబులవాళ్లు కూడా అదే వాడతారు. వచ్చిన రసం 100 మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో పదో వంతు, అగర్ మీద వేయాలి. 20 నిమిషాలు గది వేడిలో ఉంచి, రసం పారబోసి డిస్టిల్డ్ నీళ్లతో రెండుసార్లు కడిగి, మూత అతికించి 64 డిగ్రీలు నిలిపే వేడి పెట్టె గుంటల్లో నిలబెట్టాలి. బ్యాక్టీరియా పెరిగితే ఆమ్లం పుట్టి రంగు పసుపవుతుంది, మందు లేనట్టు. ఊదాగానే ఉంటే ఉన్నట్టు. 3 నుంచి 4 గంటల పని. గడియారం చూసి ఆపొద్దు. మందు లేదని తెలిసిన రసం పోసిన గొట్టం పసుపైన క్షణమే మిగతావాటిని చదవాలి. ఆలస్యం చేస్తే మందున్నవి కూడా నెమ్మదిగా పసుపుకు తిరుగుతాయి. రెండు డిగ్రీలు తేడా వచ్చినా టైమంతా మారిపోతుంది. పెట్టె మీద అంకెలను నమ్మకుండా విడి థర్మామీటరు గుంటలో పెట్టి చూడండి.

ఈ బ్యాక్టీరియా పరీక్షలు ఏ మందో చెప్పవు. ఏదో గుంపు అని కొంత చెప్పేది నాలుగు ప్లేట్ల పద్ధతి. 8 మిల్లీమీటర్ల అడ్డం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గడ్డకట్టిన కండ బిళ్లలను నాలుగు ప్లేట్ల మీద పెడతారు, వాటి ఆమ్ల గుణం వేర్వేరు. 6 పీహెచ్ ప్లేటు పెన్సిలిన్, టెట్రాసైక్లిన్‌లను పట్టుకుంటుంది, 8 పీహెచ్ ప్లేటు జెంటామైసిన్ జాతిని. 2 మిల్లీమీటర్ల వలయం వస్తే అనుమానం.

ఇప్పుడు వీటికి కనిపించనివి. ఐవర్‌మెక్టిన్ నట్టను చంపుతుంది, బాసిల్లస్‌ను ఏమీ చేయదు. ఆల్బెండజోల్, మెలాక్సికామ్, స్టెరాయిడ్లు అంతే. ఎన్రోఫ్లాక్సాసిన్‌ను ఈ బ్యాక్టీరియా అంతగా లెక్కచేయదు, దానికి ఈ.కోలై ప్లేటు వేరే ఉండాలి. క్లోరాంఫెనికాల్‌ను వెతకాల్సిన స్థాయి ఎంత చిన్నదంటే దాన్ని ఏ ప్లేటూ పట్టలేదు. కాబట్టి కిడ్నీ పుల్ల శుభ్రం అంటే మాంసం శుభ్రం అని కాదు. ఎరువుల దుకాణంలో వేప నూనె ఉందా అని అడిగి, లేదంటే ఏ నూనే లేదనుకోవడం లాంటిది అది.

అందుకు ఒక్కో మందును యాంటీబాడీలతో పట్టే పరీక్షలు, స్ట్రిప్పులు, ఎలైజా ఉన్నాయి. స్ట్రిప్పులో కంట్రోల్ గీత రాకపోతే ఆ స్ట్రిప్పు చెల్లదు. ఎక్కువ రకాల్లో పరీక్ష గీత ముదురుగా వస్తే మందు లేదు, పలచబడితే ఉంది. రెండు గీతలు చూసి ప్రెగ్నెన్సీ పరీక్షలా చదివి పొరబడేవాళ్లున్నారు. పాల కోసం చేసిన స్ట్రిప్పును మాంసం రసంలో ముంచడం ఇంకో తప్పు. పాలలో పెన్సిలిన్ పరిమితి 4 మైక్రోగ్రాములు, మాంసంలో 50. ఆ స్ట్రిప్పు పాల మీద పరీక్షించిందే, మాంసం రక్తం దాన్ని ఎటు లాగుతుందో ఎవరూ చూడలేదు.

ఖాయం చేయడానికి ముఖ్యంగా వాడేది ఎల్.సి.ఎం.ఎస్.ఎం.ఎస్, అణువుల బరువు చూసి ఏ మందో, ఎంతో చెప్పే యంత్రం. హైదరాబాద్ చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మనకు 44వ నంబరు జాతీయ రహదారి మీద అటు హైదరాబాద్, ఇటు బెంగళూరు, రెండు వైపులా ల్యాబులున్నాయి. ల్యాబులో మాంసం 2 గ్రాములు రుబ్బి, మందును ద్రావకంలోకి లాగి, కొవ్వు తీసేసి యంత్రంలోకి పంపుతారు. టెట్రాసైక్లిన్ కాల్షియంతో ముడిపడి ఉంటుంది, ముందు ఈడీటీఏ అనే, కాల్షియాన్ని లాక్కునే రసాయనం కలిపి ఆ ముడి విప్పకపోతే యంత్రం అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్ అవుతుంది, రెండూ కలిపి లెక్కించాలి. నైట్రోఫ్యూరాన్ కథ ఇంకా చిత్రం. అసలు మందు కొన్ని గంటల్లో మాయమవుతుంది. దాని తునకలు మాత్రం కండ ప్రొటీనుకు అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. వాటిని ఊడదీయడానికి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా నానబెట్టాలి. అందుకే ఈ ఫలితం ఒక్క పూటలో రాదు, రావాలని ఒత్తిడి చేయకండి.

శాంపిల్ పంపే తీరు మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పరీక్షలు తగలడేది ఇక్కడే. కండ అర కిలో, మెడ నుంచి కాక డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండ నుంచో ముందుకాలు నుంచో, సూది పడే చోటికి దూరంగా. సూది చోటు అనుమానమైతే దాన్ని విడిగా, వేరే సంచిలో, వేరే పేరుతో పంపండి. కిడ్నీలు రెండూ, గొర్రెకు రెండు కలిపినా వంద గ్రాములకు అటూ ఇటూ, ఒకటి పంపితే చాలదు. కార్జం మొత్తం. ఒక్కో భాగానికి ఒక్కో సంచి, గాలి పిండేసి కట్టండి. రెండు జంతువుల కిడ్నీలు ఒకే సంచిలో వేస్తే ఎవరిదో తేలదు. సంచి లోపల కాగితం చీటీ వేయకండి, తడిసి సిరా కరుగుతుంది. సంచికి బయట, చెరగని పెన్నుతో. ఫార్మాలిన్ పోయొద్దు. పోస్టుమార్టం ముక్కలకు ఫార్మాలిన్ పోసే చేయి అలవాటుగా ఇక్కడా పోసేస్తుంది, అంతటితో ఆ శాంపిల్ పనికిరాదు. ముందు మైనస్ 20 దగ్గర గట్టిగా గడ్డకట్టించి, తర్వాత ఐసుతో థర్మోకోల్ పెట్టెలో. గడ్డకట్టకుండా ఐసు మీదే పెడితే మధ్యాహ్నం బస్సులో సగం దారికే కరిగి, రక్తం నీళ్లలో మందు కొంత దిగిపోతుంది. పెన్సిలిన్ ఫ్రీజరులో కూడా వారాల్లో కొంచెం కొంచెం తరిగిపోతుంది, కాబట్టి ఫ్రీజరులో దాచుకుని నెల చివర్లో అన్నీ ఒకేసారి పంపుదాం అనొద్దు.

ఎన్ని జంతువులు చూడాలి? మందలో పదింటికి ఒకదానిలో మందు ఉందనుకోండి. మీరు 5 జంతువులు తీసి చూశారు. ఐదూ శుభ్రంగా కనబడే అవకాశం నూటికి 59. అంటే సగం కన్నా ఎక్కువసార్లు మీరు మోసపోతారు. నూటికి 95 సార్లు కనీసం ఒక్కదాన్నయినా పట్టుకోవాలంటే 29 జంతువులు చూడాలి. వందకు ఒకటే ఉంటే 299. అన్ని పరీక్షలకు మన దగ్గర డబ్బుండదు. అందుకే ఎంచి తీయాలి. కుంటేది, గడ్డలున్నది, ఒంటరిగా తెచ్చి తక్కువకు ఇచ్చేసింది, బయటి ఊరి నుంచి రాత్రికి రాత్రి దిగింది. అలా తీసిన శాంపిళ్ల శాతాన్ని పట్టుకుని జిల్లా మాంసమంతా ఇంతేనని రాస్తే మాత్రం తప్పు, అది వేటాడి తెచ్చిన లెక్క.

ఆహార భద్రతా అధికారి కొట్టుకు వచ్చి తీస్తే ఆ శాంపిల్ నాలుగు భాగాలవుతుంది. ఒకటి పరీక్ష చేసే ఫుడ్ అనలిస్టుకు, రెండు ఆ అధికారి పైన ఉండే డెసిగ్నేటెడ్ ఆఫీసరుకు. నాలుగోది మీరు కోరితే గుర్తింపు పొందిన ల్యాబుకు పంపాలి. కోరే హక్కు మీది, అక్కడే నోరు తెరిచి అడగాలి. అనలిస్టు 14 రోజుల్లో చెప్పాలి. ఒప్పుకోకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఇక ప్రశ్నలు.

(ప్రశ్న: బాగా ఉడికిస్తే మందు పోదా సార్?)

కొంత. పెన్సిలిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ ఉడుకులో కొంత విరుగుతాయి. ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్, క్లోరాంఫెనికాల్ వేడికి అంతగా చలించవు. ముక్కలోంచి దిగింది పులుసులో ఉంటుంది, ఆ పులుసునే సంగటిలో పోసుకుంటాం. ఉడకబెట్టి నిబంధన దాటలేం.

(ప్రశ్న: ఊరి దేవరకు పొట్టేళ్లను ముందే కొని కడతాం, అప్పుడు జబ్బు చేస్తే?)

దేవర తేదీ ముందే తెలుసు, అది మీకున్న వరం. తేదీ నుంచి వెనక్కి 28 రోజులు లెక్కపెట్టి గోడ మీద గీత గీయండి. ఆ గీత లోపల జబ్బు చేస్తే వైద్యం మానొద్దు, జంతువును బాధ పెట్టడం తప్పు. వైద్యం చేయించండి, దేవరకు ఇంకోదాన్ని చూసుకోండి. నట్టల మందు, టీకాలు గీతకు ముందే అయిపోవాలి.

(ప్రశ్న: మంద కట్టడానికి తోలుకుపోయినప్పుడు పుస్తకం ఎక్కడ రాస్తాం?)

పుస్తకం అక్కర్లేదు, గొర్రె మీదే రాయండి. జాజు పెడితే మొదటి వానకే పోతుంది. ఎడమ వీపు మీద ఆయిల్ పెయింటుతో తేదీ, నెల, అంతే. పక్కన ఎన్ని రోజులు ఆగాలో ఇంకో అంకె. చెవి పోగు ఉంటే దాని నంబరూ మందు పేరూ ఫోనులో మాటగా రికార్డు చేసి పెట్టుకోండి. కాపరి మారినా, తమ్ముడు తోలుకుపోయినా వీపు మీద అంకె మాట్లాడుతుంది.

(ప్రశ్న: సంతలో కొన్నదానికి ఎవరు చెబుతారు?)

ఎవరూ చెప్పరు. కొనేటప్పుడు మూడు అడగండి: ఎన్నాళ్లుగా మీ దగ్గరుంది, ఆఖరు సూది ఎప్పుడు, నట్టల మందు ఎప్పుడు తాపారు. తర్వాత మెడ రెండు పక్కలా, తొడల వెనకా వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా గుండు తగిలితే ధర మాట్లాడొద్దు. అంతకన్నా మంచిది, ఒకే నాలుగు మందల నుంచి కొనడం అలవాటు చేసుకోవడం. ముక్కు మొహం తెలియనివాడు మీకు నిజం చెప్పడానికి కారణం లేదు. వచ్చే వారం మళ్లీ కొంటారని తెలిసినవాడికి ఉంది.

11 అయింది. ప్లేట్లు పెట్టి 17 గంటలు. పక్క గదిలోకి నడవండి. రెండోది గడ్డ ఉన్న పొట్టేలు కిడ్నీది. దాన్ని చూసే ముందు నియోమైసిన్ బిళ్ల చుట్టూ వలయం కొలవండి. స్కేలు అక్కడే బల్ల మీద ఉంది.